పప్పన్నం ఎప్పుడని అడగడం ఆపుదాం, పెళ్లికాని ఆడబిడ్డ వాటా ఆమె చేతికిద్దాం



మాఘమాసం వచ్చింది. బెజవాడలో కల్యాణమండపాలకు ఖాళీ లేదు. వస్త్రలతలో పట్టుచీరల బేరాలు, బీసెంట్ రోడ్డులో గాజుల బేరాలు జోరుగా సాగుతున్నాయి. పీటల మీద కూర్చోబోయే ప్రతి జంటా చల్లగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాం. ఈ కాగితం పెళ్లికి వ్యతిరేకంగా అచ్చు వేసింది కాదు. అవే మండపాల్లో వెనక వరస కుర్చీల్లో కూర్చునే ఆడవాళ్ల కోసం వేసింది. ముప్పై దాటి, నలభై దాటి, మెడలో తాళి లేకుండా వచ్చినందుకు భోజనాల బంతిలో పక్క ఆకువాళ్లకీ ఎదురాకువాళ్లకీ జవాబు చెప్పుకోవలసి వచ్చే ఆడవాళ్ల కోసం.

"మరి నువ్వెప్పుడు పెడుతున్నావమ్మా పప్పన్నం?"

అడిగేవాళ్లకు చెడ్డ ఉద్దేశం ఉండదు. ఆప్యాయంగానే అడుగుతారు. కానీ ఆ మాట ఒక్కరు ఒక్కసారి అడిగి ఊరుకునేది కాదు. మేనత్త అడుగుతుంది. పిన్ని అడుగుతుంది. ఆఫీసులో పక్క సీటాయన అడుగుతాడు. జ్వరమొచ్చి వెళితే మందుల చీటీ రాస్తూ డాక్టరమ్మ అడుగుతుంది. జవాబు చెప్పకపోతే పొగరంటారు. చెబితే కారణం కావాలంటారు. కారణం చెబితే అది కూడా ఒక కారణమేనా అంటారు. ఆమె వెళ్లిపోయాక మిగిలిన మాటలు మొదలవుతాయి: ప్రేమలో దెబ్బతిందేమో, కుజదోషమేమో, ఏదైనా జబ్బేమో, జీతం వస్తోందని తల్లిదండ్రులే ఆపేశారేమో.

ఆమెకంటే ఎక్కువగా నలిగేది ఆమెను కన్నతల్లి. శ్రావణ శుక్రవారం పేరంటానికి పిలిస్తే మోకాళ్ల నొప్పులని చెప్పి ఇంట్లో ఉండిపోయే తల్లులు మన వీధుల్లో ఎంతమంది ఉన్నారో మనకు తెలుసు. ఆ నొప్పి మోకాళ్లది కాదని కూడా తెలుసు. ఇక నలభై ఏళ్ల కూతురు ధైర్యం చేసి ఆ పేరంటానికి వెళితే ఏం జరుగుతుంది? చిన్నపిల్లల్లో కలపలేరు, ముత్తైదువుల్లో కలపలేరు. తాంబూలం పళ్లెం పట్టుకున్న ఇల్లాలు ఆమె ముందుకొచ్చి ఒక్క క్షణం తడబడుతుంది. ఆ తడబాటు చాలు, మరుసటి ఏడు ఆమె రాకుండా ఉండటానికి. రెండు తమలపాకులు, ఒక పండు, నానబెట్టిన శనగలు ఇంటికొచ్చిన మనిషికి ఇవ్వడానికి ఏ శాస్త్రం అడ్డం? ఇవ్వండమ్మా. బొట్టు పెట్టి, గంధం రాసి, అందరితోపాటు ఇవ్వండి. పక్కనున్న పెద్దావిడ ఏమైనా అంటే, మా ఇంటి పద్ధతి ఇదేనని చెప్పండి.

పెళ్లికాకుండా ఉన్న ఆడవాళ్లందరి కథా ఒకటి కాదు. వద్దనుకుని మానేసినవాళ్లున్నారు. కావాలనుకున్నా కుదరనివాళ్లున్నారు. రంగు తక్కువని, ఎత్తు తక్కువని, కాలు కొంచెం ఈడుస్తోందని, కట్నం చాలదని వచ్చిన ప్రతి సంబంధమూ వెనక్కిపోయినవాళ్లున్నారు. తండ్రి హఠాత్తుగా పోతే కారుణ్య నియామకం కింద ఆయన ఆఫీసులోనే గుమాస్తాగా చేరి, తమ్ముళ్లను చదివించి, చెల్లెళ్లకు పెళ్లిళ్లు చేసి, తన సంగతి అడిగే తీరిక ఎవరికీ లేకపోగా నలభై అయిదుకి వచ్చినవాళ్లున్నారు. సూర్యారావుపేట ఆసుపత్రుల్లో రాత్రి డ్యూటీలు చేసే నర్సుల్లో, ప్రైవేటు బడుల్లో పాఠాలు చెప్పే టీచర్లలో, బట్టల షాపుల్లో పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడే అమ్మాయిల్లో ఇలాంటివాళ్లను మనం రోజూ చూస్తూనే ఉన్నాం. వాళ్లలో ఎవరూ మనకు కారణం బాకీ లేరు.

పూర్వం ఇలాంటివాళ్లు లేరని మాత్రం అనకండి. రామాయణాన్ని తెలుగు పద్యాల్లో చెప్పిన మొల్ల పెళ్లి చేసుకోలేదనే మన పెద్దలు చెప్పుకుంటూ వచ్చారు. ఆమె ఎవరి భార్య అని ఎవరూ అడగలేదు. కేసన కూతురుగానే ఇన్ని వందల ఏళ్లు గుర్తుంది.

ఈ తొందర ఎక్కడ పుడుతోంది?

ప్రతి తల్లీ తండ్రీ అనే మాట ఒకటే: "మేం పోయాక దీని గతేమిటి?"

ఈ భయాన్ని మేం తేలిగ్గా తీసుకోవడం లేదు. ఇది ప్రేమలోంచే పుట్టింది. కానీ నిదానంగా ఆలోచించండి. కొడుకు ముప్పై అయిదు వచ్చినా పెళ్లి చేసుకోకపోతే మనకు దిగులు కలుగుతుంది, ఇంత భయం కలగదు. ఎందుకు? వాడికి ఇల్లుంది. పొలముంది. మనం పోయినా వాడిని గుమ్మం దాటమనేవాళ్లు లేరు. కూతురి విషయంలో భయం ఎందుకంటే, మనం పోయిన మర్నాటి నుంచి ఆ ఇంట్లో ఆమె స్థానం ఏమిటో ఎవరూ చెప్పలేరు. ఆ స్థానాన్ని ఖాళీగా ఉంచింది మనమే. ఉంచి, దాన్ని పూడ్చడానికి ఎవరో ఒకరిని, ఎలాంటివాడినైనా సరే, వెతుకుతున్నాం.

మన కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లో ఆడపిల్లకు ఆస్తి ఇవ్వరని ఎవరైనా అంటే మనకు కోపం వస్తుంది. నిజమే, ఇస్తాం. ఉన్నవాళ్లం పసుపు కుంకుమ కింద ఎకరమో అరెకరమో రాస్తాం. ఇళ్లస్థలం ఇస్తాం, బంగారం పెడతాం, నగదు ఇస్తాం. ఎప్పుడిస్తాం? పెళ్లప్పుడు. ఆడపిల్లకు ఆస్తి అందే తలుపు మన దగ్గర ఒక్కటే ఉంది, అది పెళ్లి. ఆ తలుపు తెరుచుకోని బిడ్డకు ఏమీ రాదు. చిన్న చెల్లెలికి ఇరవై రెండో ఏట వాటా వెళ్లిపోతుంది. ఇంట్లోనే ఉండి తల్లిని తండ్రిని చూసుకున్న అక్కకు యాభై వచ్చినా సెంటు భూమి ఉండదు. అడిగితే, "ఇల్లంతా నీదేగా, నీకు వేరే ఎందుకమ్మా" అంటారు.

ఇల్లంతా ఆమెదేనా? చూద్దాం. తండ్రి పెద్దకర్మ అయిన నెలకు అన్నగారు కుటుంబంతో కింది వాటాలోకి వస్తారు. ఆమె మంచం వెనక గదిలోకి మారుతుంది. మంచాన పడ్డ తల్లికి మూడేళ్లో అయిదేళ్లో ఆమే స్నానం చేయిస్తుంది, పక్కబట్టలు మారుస్తుంది, మందులకు తన జీతంలోంచే పెడుతుంది. తల్లి పోతుంది. తర్వాత ఒక బిల్డరు వస్తాడు. సత్యనారాయణపురంలో, గాంధీనగర్‌లో, పటమటలో పెంకుటిళ్లు, పాత డాబాలు అపార్ట్‌మెంట్లుగా ఎలా మారుతున్నాయో చూస్తున్నారుగా. స్థలం డెవలప్‌మెంట్‌కి ఇస్తే అన్నకో ఫ్లాటు, తమ్ముడికో ఫ్లాటు వస్తాయి. అప్పుడు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు ఆమెను కూడా తీసుకువెళతారు. "చిన్న సంతకం అక్కా, ఫార్మాలిటీ" అంటారు. ఆ కాగితం పేరు హక్కు విడుదల దస్తావేజు. ఆ సంతకం పడిన రోజు నుంచి ఆమె ఆ కుటుంబంలో అతిథి. కట్టడం పూర్తయ్యేదాకా అద్దె ఇంట్లో ఒక మూల, పూర్తయ్యాక తమ్ముడి ఫ్లాటులో పిల్లల గదిలో ఒక పరుపు.

తమ్ముళ్లు అందరూ చెడ్డవాళ్లని మేం అనడం లేదు. చాలామంది అక్కను కళ్లలో పెట్టుకుని చూసుకుంటున్నారు. కానీ ఒక మనిషి బతుకు ఇంకో మనిషి మంచితనం మీద, మరదలి ఓర్పు మీద ఆధారపడి ఉండకూడదు. అది ఆమెకూ కష్టం, వాళ్లకూ కష్టం.

చట్టం ఎప్పుడో ఇచ్చింది, ఇవ్వనిది మనమే

చాలామందికి తెలియని సంగతి ఒకటి చెబుతాం. హిందూ కుటుంబాల్లో పిత్రార్జితంలో కొడుకుతో సమానంగా కూతురికి పుట్టుకతో హక్కు ఇవ్వడంలో ఢిల్లీ కంటే మన రాష్ట్రం ముందుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన 1986 నాటి సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచే అమల్లోకి వచ్చినట్టు లెక్క. ఆ చట్టం ఎవరికి హక్కు ఇచ్చిందో గమనించండి. అప్పటికే పెళ్లయి వెళ్లిన కూతుళ్లను పక్కన పెట్టి, పెళ్లికాని కూతుళ్లకు ఇచ్చింది. అంటే ఈ గడ్డ మీద పెళ్లికాని ఆడబిడ్డ నాలుగు దశాబ్దాల కిందటే తండ్రి ఇంటికి హక్కుదారు అయింది. పార్లమెంటు 2005లో సవరణ చేసి, సెప్టెంబరు 9 నుంచి పెళ్లయినా కాకపోయినా కూతుళ్లందరికీ ఆ హక్కు ఇచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా అనే వాదన ఏళ్లపాటు కోర్టుల్లో నడిచింది. అక్కర్లేదని, హక్కు పుట్టుకతోనే వస్తుందని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో తేల్చిచెప్పింది. 2004 డిసెంబరు 20కి ముందే చట్టబద్ధంగా పూర్తయిన పంపకాలను మాత్రం తిరగతోడరు.

తండ్రి సొంతంగా సంపాదించిన ఆస్తి సంగతి వేరు. దాన్ని ఆయన తన ఇష్టం వచ్చినట్టు రాయవచ్చు. కానీ వీలునామా రాయకుండా పోతే భార్య, తల్లి, కొడుకులు, కూతుళ్లు అందరికీ సమాన వాటా. ఇది 1956 నుంచీ ఉన్నదే. ఉండే ఇంటి విషయంలో ఒక మెలిక ఉండేది: మగ వారసులు పంచుకుందామంటే తప్ప ఆడవాళ్లు పంపకం అడగడానికి వీల్లేదు. ఆ సెక్షన్‌ను 2005లో తీసేశారు. క్రైస్తవ కుటుంబాలకు వర్తించే 1925 వారసత్వ చట్టం కొడుకనీ కూతురనీ తేడా చూపదు. ముస్లిం కుటుంబాల్లో కూతురికి కొడుకు వాటాలో సగం వస్తుంది, ఆ సగానికి పెళ్లితో సంబంధం లేదు.

ఇంకొకటి. గృహహింస చట్టం భార్యల కోసమే అనుకుంటాం. 2005లో వచ్చిన ఆ చట్టం ఒకే ఇంట్లో రక్తసంబంధంతో కలిసి ఉండే అక్కలకు, చెల్లెళ్లకు, కూతుళ్లకు కూడా వర్తిస్తుంది. కలిసి ఉంటున్న ఇంట్లోంచి అన్న వెళ్లగొడితే, కొడితే, తిండి మాటలతో వేధిస్తే ఆమె రక్షణాధికారి దగ్గరికి వెళ్లవచ్చు. తనను తాను పోషించుకోలేని పెళ్లికాని కూతురికి పోషణ ఖర్చు ఇవ్వాల్సిన బాధ్యత తండ్రిదని 1956 నాటి దత్తత, మనోవర్తి చట్టం చెబుతోంది.

ఇవన్నీ ఉన్నాయి. పుస్తకంలో ఉన్న హక్కు ఇంట్లోకి రావాలంటే మనం ఇంట్లో మాట్లాడాలి.

నాన్నగారూ, మీకొక మాట

వీలునామా రాయండి. చావు గురించి మాట్లాడటం అశుభమని వాయిదా వేయకండి. దానికి స్టాంపు కాగితం అక్కర్లేదు. తెల్లకాగితం మీద రాసి, మీరు సంతకం చేసి, ఇద్దరు సాక్షుల చేత సంతకం చేయిస్తే చెల్లుతుంది. వాటా తీసుకోబోయేవాళ్లను సాక్షులుగా పెట్టకండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కానీ చేయిస్తే మంచిది, రేపు కాదనడం కష్టమవుతుంది. అందులో పెళ్లికాని కూతురి వాటా ఏమిటో స్పష్టంగా రాయండి. "నా కూతురు జీవించినంతకాలం ఇంట్లో ఉండవచ్చును" అనే ఒక్క వాక్యంతో సరిపెట్టకండి. ఉండనివ్వడం దయ, రాసివ్వడం హక్కు. బ్యాంకులో ఆమెను నామినీగా పెట్టాం కదా అనుకోకండి. నామినీ డబ్బు తీసుకోగలదు, అంతమాత్రాన అది ఆమె సొంతమైపోదు. మిగతా వారసులు అడిగితే పంచాల్సిందే.

ఇంకా మంచిది, మీరు కళ్లతో చూస్తుండగానే ఇవ్వండి. పెద్దకూతురు పెళ్లికి ఎంత ఖర్చయిందో మీ దగ్గర లెక్క ఉంది. కట్నమో, పసుపు కుంకుమో, మండపమో, భోజనాలో, అన్నీ కలిపి. అంత విలువ రెండో కూతురి పేరు మీద, ఆమె పెళ్లి చేసుకున్నా చేసుకోకపోయినా, ఆమెకు పాతికేళ్లు నిండేసరికి పెట్టండి. స్థలంగానో, ఫ్లాటుగానో, డిపాజిట్‌గానో. మీ గుండెల మీద కుంపటి అని ఇన్నాళ్లూ దేన్నయితే అనుకుంటున్నారో అది ఆ రోజుతో చల్లారుతుంది. ఆ తర్వాత సంబంధం వస్తే నిదానంగా చూడవచ్చు. పిల్లాడు తాగుతాడా, అప్పులున్నాయా, చేయి చేసుకునే రకమా అని నాలుగు చోట్ల వాకబు చేయవచ్చు. నచ్చకపోతే పర్వాలేదని లేచి రావచ్చు.

ఆ నిదానం లేకనే ఎంతమంది బిడ్డలు పోతున్నారో తెలుసా? 2022లో ఒక్క ఏడాదిలో దేశంలో వరకట్న మరణాలుగా నమోదైన కేసులు ఆరు వేలు దాటాయి. వాళ్లలో ఎంతమందికి పెళ్లినాడే తెలుసు, ఇది మంచి సంబంధం కాదని? ఎంతమంది తిరిగొస్తానంటే పుట్టింటివాళ్లు సర్దుకుపొమ్మన్నారు? వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చింది. ఇచ్చినా పుచ్చుకున్నా కనీసం అయిదేళ్ల జైలు. అయినా పెళ్లికొడుకు ప్యాకేజీని బట్టి రేటు పలుకుతూనే ఉంది, ఆడపిల్ల వయసు పెరిగేకొద్దీ ఆ రేటు పెరుగుతూనే ఉంది. "ఇంకా ఆలస్యమైతే ఇంతకంటే ఎక్కువ అడుగుతారు" అనే లెక్కతో బిడ్డను ఇరవై నిండకుండానే పంపేస్తున్నాం. ఇరవై ఎక్కడ, పద్దెనిమిది నిండకుండానే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల మధ్య వయసున్న ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. తెలంగాణలో 23.5 శాతం. ఇంటర్ చదవాల్సిన పిల్లలు వాళ్లు. కాలేజీకి పంపితే ఎవరితోనైనా వెళ్లిపోతుందేమోనని, ఇంట్లో మేనబావ ఉన్నాడుగా అని, పెద్దదానికి కాకపోతే చిన్నదానికి ఆగిపోతుందని. పదహారేళ్ల పిల్లకు తాళి కట్టించే తొందరా, ముప్పై ఆరేళ్ల ఆమెను బంతిలో నిలదీసే ప్రశ్నా ఒకటే. మొగుడు లేని ఆడదానికి ఇంట్లో చోటు లేదన్న నమ్మకమే రెండింటికీ తల్లి.

ఈ నమ్మకం రూపం మార్చుకుంటూ వస్తోంది. నూట పాతికేళ్ల కిందట మన ఉత్తరాంధ్రలో బ్రాహ్మణ కుటుంబాల్లో పిల్లను వెలకట్టి అమ్మేవారు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో అలాంటి పెళ్లిళ్లు వెయ్యికి పైగా జరిగాయని గురజాడ కన్యాశుల్కం ముందుమాటలో రాసుకున్నారు. రజస్వల అయ్యేలోగా పెళ్లి కాకపోతే ఇంటినే వెలివేసేవారు. భర్త పోయిన పిల్ల మళ్లీ పెళ్లి చేసుకుంటే లోకం తలకిందులవుతుందన్నారు. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో ఆ పెళ్లి చేసి చూపించారు. అప్పుడు పిల్లకు వెల కట్టారు, తర్వాత పిల్లాడికి వెల కట్టడం మొదలైంది. ఆనాటి నలుగురి మాటను ఎదిరించినవాళ్లు కొద్దిమందే. వాళ్లలా ఊరంతటినీ ఎదిరించమని మిమ్మల్ని అడగడం లేదు. మీ ఇంట్లో మీ కూతురి పక్కన నిలబడమంటున్నాం.

"ముసలితనంలో ఎవరు చూస్తారు?"

ఈ ప్రశ్న వెయ్యని మనిషి లేడు. దీనికి సూటిగా జవాబు చెబుతాం. పెళ్లయి, పిల్లలు పుట్టి, వాళ్లను పెంచి పెద్దచేసినవాళ్లను అందరినీ పిల్లలు చూస్తున్నారా? చూస్తుంటే తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ కోసం 2007లో పార్లమెంటు చట్టం ఎందుకు చేయవలసి వచ్చింది? కన్నబిడ్డల మీద తల్లులు, తండ్రులు ట్రిబ్యునల్‌లో అర్జీలు పెట్టుకోవలసి వస్తోంది. ఆ చట్టంలోనే ఇంకో సంగతి కూడా ఉంది: అరవై నిండి, పిల్లలు లేనివాళ్లు తమ ఆస్తి అనుభవిస్తున్న బంధువు నుంచి, లేదా రేపు ఆ ఆస్తికి వారసుడయ్యే బంధువు నుంచి పోషణ అడగవచ్చు. ఆస్తి ఉంటేనే పెళ్లికాని స్త్రీ ఆ మాట అడగగలదు. మళ్లీ అక్కడికే వచ్చాం.

నిజానికి ఈ ఊళ్లో మంచాన పడ్డ ఎంతోమంది తల్లులకు, తండ్రులకు ముసలితనంలో తోడున్నది పెళ్లికాని కూతుళ్లే. కొడుకులు డాలస్‌లోనో బెంగళూరులోనో ఉంటే ఆక్సిజన్ సిలిండర్ కోసం అర్ధరాత్రి పరిగెత్తింది వాళ్లే. కరోనా రోజుల్లో అంబులెన్సు వెనక వెళ్లిందీ, పక్కనున్నదీ వాళ్లే. ఆ సేవను మనం కళ్లారా చూసి, వాళ్లకు ముసలితనం వచ్చేసరికి ఎవరు చూస్తారని వాళ్లనే అడగడం న్యాయం కాదు.

బిడ్డ కావాలనుకుంటే పెళ్లికాని స్త్రీ దత్తత తీసుకోవచ్చు. మగపిల్లాడినైనా, ఆడపిల్లనైనా. ఇప్పుడు దత్తత దరఖాస్తును కేంద్ర దత్తత సంస్థ కారా వెబ్‌సైటులో పెట్టుకోవచ్చు. అద్దె గర్భం విషయంలో మాత్రం 2021 చట్టం భర్త పోయినవాళ్లకు, విడాకులు తీసుకున్నవాళ్లకు అవకాశమిచ్చి, అసలు పెళ్లే కానివాళ్లను బయట ఉంచింది. దీన్ని మార్చాలని కూడా మేం గొంతెత్తుతున్నాం.

ప్రభుత్వాన్ని కూడా అడుగుదాం

తెలంగాణలో 2014 అక్టోబరు 2న ఆడపిల్ల పెళ్లికి సాయమిచ్చే కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ పథకాలు మొదలయ్యాయి. 51 వేలతో మొదలై తర్వాత 1,00,116 రూపాయలయింది. మన రాష్ట్రంలో 2022లో వైఎస్సార్ కల్యాణమస్తు వచ్చింది, వధువూ వరుడూ పదో తరగతి పాసై ఉండాలని షరతు పెట్టారు. వయసు నిండాలి, చదువుండాలి అనే ఈ షరతులు మంచివే. బాల్యవివాహాన్ని కొంతైనా వెనక్కి నెట్టాయి. కానీ ప్రజల డబ్బు కూడా ఆడపిల్లకు పెళ్లిపీటల మీదనే ఎందుకు అందాలి? అంతే సొమ్ము ఆమెకు ఇరవై ఒకటి నిండిన రోజున, పెళ్లితో పనిలేకుండా, ఆమె ఖాతాలో వేయండి. డిగ్రీ పూర్తి చేస్తుందో, కుట్టుమిషన్లు కొని షాపు పెడుతుందో, పెళ్లే చేసుకుంటుందో ఆమె ఇష్టం. ఓటు అడగడానికి వచ్చే ప్రతి పార్టీనీ ఈ మాట అడగండి.

తెలంగాణలో 2017లో ఒంటరి మహిళలకు పింఛను మొదలైంది. మన రాష్ట్రంలో 2024 జూలై నుంచి ఒంటరి మహిళల పింఛను నెలకు 4,000 రూపాయలు. వయసు నిబంధనలున్నాయి. మీ ఇంట్లో, మీ వీధిలో ఆసరా లేని పెళ్లికాని స్త్రీ ఉంటే వార్డు సచివాలయానికి ఆమెతో కలిసి వెళ్లి అడగండి. ఆ పింఛను కోసం వెళ్లడమే ఆమెకు సిగ్గుగా ఉంటుంది. తోడు వెళ్లండి.

ఇంటి ఓనర్లకు, ఆఫీసు పెద్దలకు, వీధివాళ్లకు

గేటుకు తగిలించిన "ఫ్యామిలీలకు మాత్రమే" బోర్డు చూసి ఎంతమంది టీచర్లు, నర్సులు, బ్యాంకు ఉద్యోగినులు వెనక్కి వెళ్లిపోతున్నారో ఓనర్లకు తెలియదు. ఒక ఆడమనిషి తన జీతంతో, తన వస్తువులతో ఉంటే అదీ ఒక ఫ్యామిలీయే. అద్దె ఒకటో తారీఖునే ఇస్తుంది, ఇల్లు శుభ్రంగా ఉంచుతుంది. అడ్వాన్సు తీసుకోండి, ఆధార్ కాపీ తీసుకోండి, కానీ ఆమె ఎన్నింటికి వచ్చింది, ఎవరొచ్చారు అని మేడమీది నుంచి లెక్క రాయకండి.

ఆఫీసుల్లో పండగరోజు డ్యూటీ, ఆదివారం డ్యూటీ, దూరపు ఊరి బదిలీ "ఆమెకేం పిల్లలా సంసారమా" అని ఆమెకే రాస్తున్నారు. ఇంట్లో ఎనభై ఏళ్ల తల్లి ఉండటం సంసారం కాదా? డ్యూటీ చార్టు వంతులవారీగా వేయండి.

మిత్రులారా, మగపిల్లలారా, మీ అక్కను ఎవరైనా వేళాకోళం చేస్తే మీరు ముందు మాట్లాడండి. మీ పెళ్లిలో ఆమెను వెనక వరసలో కూర్చోనివ్వకండి. జీలకర్ర బెల్లం పళ్లెం ఆమె చేతికివ్వండి. ఇల్లు పంచుకునే రోజు వస్తే, ఆమె అడగకముందే ఆమె వాటా చెప్పండి. విడుదల కాగితం మీద ఆమె చేత సంతకం పెట్టించడం మీ కుటుంబంలో మీతోనే ఆగిపోనివ్వండి.

అక్కా, చెల్లీ, ఇది నీకు

సంతకం పెట్టే ముందు చదువు. తెలుగులో చదివి వినిపించమను. అర్థం కాకపోతే ఇంటికి తెచ్చుకుంటానని చెప్పు. ఎవరూ బలవంతం చేయలేరు. తండ్రి పోతే తహశీల్దారు ఆఫీసులో తీసుకునే కుటుంబసభ్యుల ధ్రువపత్రంలో నీ పేరు ఉందో లేదో నువ్వే వెళ్లి చూడు. పొలం ఉంటే పట్టాదారు పాసుపుస్తకం ఎవరి పేర మారిందో కనుక్కో. నీ జీతంతో కట్టిన బ్యాంకు వాయిదాల రసీదులు, ఇంటి పన్ను చీటీలు, ఆసుపత్రి బిల్లులు జాగ్రత్త చేసుకో. నీకు వచ్చినదాన్ని నీ తర్వాత ఎవరికి ఇవ్వాలో నువ్వు కూడా వీలునామా రాయి. రాయకపోతే చట్టం తన వరసలో పంచేస్తుంది, నిన్ను చూసుకున్నవాళ్లకు చేరకపోవచ్చు.

లాయరు ఖర్చులకు భయపడకు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో పనిలేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయసహాయం ఉంది. కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లు, లేదా 15100కి ఫోన్ చెయ్యి. ఇంట్లో కొడుతుంటే, బలవంతంగా పెళ్లి చేస్తుంటే 181కి, ప్రాణాపాయమనిపిస్తే 112కి చెయ్యి. పద్దెనిమిది నిండని పిల్లకు పెళ్లి చేస్తున్నారని తెలిస్తే 1098కి చెయ్యి. నీ పేరు బయటపెట్టకుండానే చెప్పవచ్చు.

పెళ్లి చేసుకోవాలనిపిస్తే నలభైకైనా, యాభైకైనా చేసుకో. దుర్గాబాయి దేశ్‌ముఖ్‌కు ఎనిమిదో ఏట పెద్దలు పెళ్లి చేశారు, ఊహ తెలిశాక ఆమె ఆ సంబంధంలోంచి బయటికొచ్చింది. చదువుకుని, జైలుకు వెళ్లి, 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళాసభ పెట్టి, రాజ్యాంగ సభలో కూర్చుని, తనకు నచ్చిన మనిషిని 1953లో నలభై దాటాక పెళ్లి చేసుకుంది. ఎప్పుడన్నది ఆమె చూసుకుంది. వద్దనిపిస్తే వద్దు. ఆ మాట మెల్లగా చెప్పినా చాలు, మళ్లీ మళ్లీ చెప్పనక్కర్లేదు.

ఈ కాగితం చదివినవాళ్లంతా ఈ ఆదివారం ఒక పని చేయండి. ఇంట్లో బీరువా తెరిచి దస్తావేజులు బయటికి తీయండి. ఎవరి పేర ఏముందో కూతుళ్లను, కొడుకులను కూర్చోబెట్టి అందరి ముందు చదవండి. పెళ్లికాని బిడ్డ పేర ఏమీ లేకపోతే, ఏమి రాయాలో ఆ రోజే మాట్లాడుకోండి. ఈ మాఘమాసం పెళ్లిళ్లలో ఏ బంతిలోనూ మీ నోట పప్పన్నం మాట రానివ్వకండి. పక్కవాళ్ల నోట వస్తే, "ఆ అమ్మాయి ఉద్యోగం ఎలా ఉందో అడగండి" అని మాట మార్చండి. చదివాక ఈ కాగితాన్ని పారేయకుండా మీ మేడమీది వాళ్లకివ్వండి.

ఇట్లు,
బెజవాడలోని కొందరు పెళ్లికాని ఆడవాళ్లం, మా తల్లులం, మా అన్నదమ్ములం